ఎవరికీ వినపడని శబ్దం

వదినగారికి నమస్కారం,

అత్తయ్యను తీసుకెళ్లడానికి టికెట్ బుక్ చేస్తున్నానన్నారు. ఈ ఉత్తరం చదివాక నిర్ణయించుకోండి.

వినికిడి పోయిన ఈ ఏడు నెలలూ అత్తయ్య ఈ పరాయి దేశంలో, ట్రుగనీనాలోని మా ఇల్లు దాటలేదు. అంతమందికి సంగీతం నేర్పిన మనిషి మాటే మానేశారు. నేనూ యూనివర్సిటీలో పని ఉందంటూ తప్పించుకు తిరిగాను, దాచను.

శనివారం ఆవిడను నా ల్యాబ్‌కి తీసుకెళ్లాను. నీళ్లు నింపిన గాజుబుడ్డిలో ఒకే ఒక్క గాలిబుడగ ఉంటుందనీ, శబ్దం తాకితే అది కుంచించుకుపోయి వెలుగుతుందనీ కాగితం మీద రాసి చూపించి, లైటు ఆర్పాను. బుడగ నీలంగా, చిన్న చుక్కలా వెలిగింది.

"నీకు ఆ శబ్దం ఎలా వినిపిస్తోందే?" అని దిగులుగా అడిగారు.

లైటు వేసి రాశాను: "ఇది మనుషులెవరికీ వినపడదు అత్తయ్యా. నాకూ వినపడదు."

"అయితే ఇక్కడ నువ్వూ నేనూ ఒకటేనన్నమాట!" అని పకపకా నవ్వారు. మళ్లీ లైటు ఆర్పించి, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశారు.

నిన్న పొద్దున మా అమ్మాయి అమృతను కూర్చోబెట్టుకుని సరళీ స్వరాలు మొదలుపెట్టారు. తన శ్రుతి తప్పితే చెప్పమని నన్ను పక్కన ఉంచుకున్నారు. తప్పింది, సైగ చేసి చెప్పాను. నామీద కోప్పడి, మళ్లీ అందుకున్నారు.

ఆవిడను ఇంకొన్నాళ్లు మా దగ్గర ఉండనివ్వండి వదినా.

మీ మరదలు