రాళ్ల దిగుడు దగ్గర

రాస్‌లాండ్,
జూన్ 16.

ప్రియమైన మేరెన్ అక్కయ్యకు,

బ్రయనీ ప్రేమతో రాస్తున్నది. మీ సాస్కటూన్‌లో ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను గాని కుదురుగా లేను. ఈ ఉత్తరం మొదలుపెట్టాక కూడా లేచి వెళ్లి సైకిలు గొలుసుకు నూనె వేసి వచ్చాను. నిజానికి వేయాల్సిన పనే లేదు.

నవ్వితే నవ్వు. నిన్న కొండ సైకిళ్ల పందెంలో దిగాను. ఆడవాళ్లలో కొత్తవాళ్లకని పెట్టినది. కుండలు చేయడం సగంలో వదిలేశావు, చర్చిలో పాటలు వదిలేశావు, ఇదెన్నాళ్లే అని మొన్న ఫోనులో అన్నావు కదా. ఆ మాట మీదే పేరిచ్చానేమో కూడా.

దంతవైద్యుడి దగ్గర రోజంతా కూర్చుని ఫోన్లు ఎత్తే ఉద్యోగం నాది. సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఒకచోట నిలవవు. వాటికి పని చెప్పింది బేకరీలో రొట్టెలు కాల్చే ఓడీల్. యాభై దాటిన క్యుబెక్ మనిషి, నోటికి అడ్డూ ఆపూ లేదు. ఏళ్లుగా కొండల్లో తొక్కుతున్నా పందేనికి తనూ కొత్తే. బ్రేకు మీద ఒక్క వేలే ఉంచాలనీ, దిగేటప్పుడు ఒళ్లు వెనక్కి వేయాలనీ, చెట్టును చూస్తూ పోతే చెట్టునే గుద్దుతాననీ తిడుతూ నేర్పింది.

తీరా పందెం మొదలవగానే అవన్నీ మరిచి వెర్రి ఊపులో అందరికన్నా ముందు పోయాను. మొదటి ఎత్తు సగంలోనే ఊపిరి అందలేదు. ఎడమ పక్కనుంచి వస్తున్నామంటూ ఒక్కొక్కరే దాటిపోయారు. దారి పక్కన జనం ఆవు గంటలు వాయిస్తూ వెక్కిరిస్తున్నారు. ఒక గడ్డపాయన వేయించిన పంది మాంసం ముక్క నా మొహం ముందు పెట్టి, "తినమ్మా, నీకెలాగూ తొందరున్నట్టు లేదు" అన్నాడు. తిన్నాను. రోషమో, ఉప్పో, మళ్లీ కాళ్లలో బలం వచ్చింది. కొండ నెత్తికి చేరేసరికి నాకు ముందు ఇద్దరే ఉన్నారు.

అక్కడే రాళ్ల దిగుడు. మెట్లలా విరిగిన బండలు, ఓ పక్క లోయలోకి దేవదారు చెట్లు. సరిగ్గా ఆ అంచునే నా వెనక చక్రంలో గాలి పోయింది.

వెనకనే వచ్చిన ఓడీల్ ఆగింది. వెళ్లమన్నాను, వినలేదు. నా ట్యూబు లాగేసి, తన దగ్గరున్నది వేసి, గాలి కొట్టి గాని కదల్లేదు. ఈలోగా ఎందరో దాటిపోయారు. ఆ చక్రాన్ని నమ్మలేక నేను సైకిలు నడిపించుకుంటూ దిగాను. అందరికన్నా చివర చేరాను. మూడో బహుమతి అందుకోవాల్సిన ఓడీల్ ఎక్కడో మధ్యలో మిగిలింది. అయినా నాకు వేడి సూపు తెచ్చిచ్చింది.

ఏమైతేనేం, చివరిదాకా వెళ్లాను.

కాలు నిలవని నీ చెల్లెలు,
బ్రయనీ

తా.క. పైనున్నది చింపేద్దామనుకున్నాను, పోనీలే. గాలి దానంతటది పోలేదు అక్కయ్యా. ఆ అంచున నిలబడి కిందికి చూస్తే తొక్కుతూ దిగలేననిపించింది. నడిచి దిగితే పిరికిదంటారు, చక్రం పాడైతే పాపమంటారు. వంగి నేనే గాలి వదిలేశాను. ఎవరైనా ఆగుతారనుకోలేదు.

రాత్రంతా ఇంట్లో పచార్లు చేశాను. ఈ పొద్దున బేకరీకి వెళ్లి ఓడీల్‌కి చెప్పేశాను. ఆమె పిండి పిసకడం ఆపలేదు.

"తెలుసు. నీ పాత ట్యూబు నీళ్లలో ముంచి చూశా. ఒక్క బుడగ రాలేదు."

ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వే వస్తావేమోనని చూశా. సాయంత్రం వస్తా, సైకిలు తీసిపెట్టు. గాలి సంగతి నేను చూసుకుంటా, నువ్వు దారి చూడు."

ఇప్పుడు వాకిట్లో నిలబడి నన్ను పిలుస్తోంది. భయం నిన్నటంతే ఉంది. ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని పోతున్నాను. పోస్టు డబ్బా కొండ అవతల, ఆ దిగుడు దాటాకే ఉంది.