ఎనిమిది సెంటీమీటర్లు

మార్చి 4, ఉదయం 6 గంటలు
మట్టం 6.71 మీటర్లు.

పంపు హౌస్ వెనక బావిలోకి టేపు దించుతుంటే ముగ్గురు వచ్చి నిలబడ్డారు. ఆ వేళప్పుడు అక్కడికి పిల్లి తప్ప ఎవరూ రారు. యూనివర్సిటీ వాళ్లట. గట్టు నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పందొమ్మిదేళ్లుగా రోజూ కొలిచి రాస్తున్నానని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్లెవరో తెలిస్తే బాగుండును.

ఒకామె భూగర్భజలాల మీద పరిశోధన చేస్తుంది. నీళ్ల మేడం అనుకుందాం. ఒకాయన జనాన్ని ప్రశ్నలడుగుతాడు. సర్వే సారు. మూడో ఆమె, బడి మొహం సరిగ్గా చూడనివాళ్లు లెక్కలెలా నేర్చుకుంటారో చూస్తుందట. బడి మేడం. ముగ్గురిదీ ఒకటే ప్రాజెక్టు. ఒకరు మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ ఫోన్లు చూసుకుంటున్నారు.

ఫెయిర్ కాపీ పుస్తకాలు ఇచ్చి పంపించాను.

మార్చి 6
6.71.

సర్వే సారు పదకొండు పేజీల కన్సెంట్ ఫారం తెచ్చాడు. నన్ను ప్రశ్నలడగడానికి నా అనుమతి కావాలట. ఇవ్వనంటే ఏమవుతుందని అడిగాను. దానికి వేరే ఫారం ఉందన్నాడు.

నీటి మట్టం పడిపోయినప్పుడు మీకు కలిగిన బాధకు ఒకటి నుంచి ఐదు దాకా ఎంత వేస్తారు? తెలియదన్నాను. తెలియదు అనే గడి లేదట. పక్కగదిలో మిషన్ కుడుతున్న మా ఆవిడ, మూడేసుకోండి సారూ, పెళ్లి రోజు కూడా ఈయన మొహం మూడు దాటలేదు, అంది. ఆయన నిజంగానే మూడు వేసుకున్నాడు.

ఈ పనిలో ఇంట్లో ఆడవాళ్ల పాత్ర ఏమిటన్నది ఇరవై మూడో ప్రశ్న. ఏమీ లేదన్నాను. మిషన్ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

మార్చి 9
6.72.

బడి మేడం మూడు గంటలు కూర్చుంది. గ్రాఫు గీయడం ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. పాతపేపర్ల కొట్లో ఒక గ్రాఫు పుస్తకం దొరికింది. ఎవరో సగం గీసి వదిలేశారు, మిగతా సగం నేను గీశాను. అంతే. అంతేనా అంది. అంతే అన్నాను. నేను నేర్చుకున్న పద్ధతికి ఇంగ్లీషులో మూడు మాటల పేరు ఉందట. డాక్టరు రోగం పేరు చెప్పినట్టు చెప్పింది.

మార్చి 10
6.72. ఎవరూ రాలేదు. హాయి.

మార్చి 15
6.73.

నీళ్ల మేడం ఆటో పూర్తిగా ఆగకముందే దిగింది. పదకొండేళ్ల కిందట మార్చి పన్నెండున 6.40, పదమూడున 6.48. తెల్లారేసరికి ఎనిమిది సెంటీమీటర్లు పడిపోయిన మట్టం మళ్లీ పాత గీతకు రాలేదు. సరిగ్గా ఆ వారమే పక్కన ఆరంతస్తుల బిల్డింగు వాళ్లు లోతు బోరు వేసుకున్నారు. ఇంతకన్నా స్పష్టమైన డేటా ఎక్కడా చూడలేదండీ అంది.

నాకు బాగా గుర్తుంది. ఆ రోజు ఆ బిల్డింగు వైపు చూసి పళ్లు నూరాను. అప్పటినుంచి దాని వాచ్‌మన్ నమస్కారం పెడితే మొహం తిప్పుకుంటున్నాను. ఇన్నేళ్లకు చదువుకున్నవాళ్లు కూడా నా మాటే అన్నారు. ఇవాళ అన్నం రుచిగా ఉంది.

ఆ ఎనిమిది మీదే పేపరు రాస్తారట. నీళ్లు తగ్గాక ఇరుగుపొరుగుల మధ్య ఏం మారిందన్నది సర్వే సారు భాగం. నా పేరు కూడా వేస్తారట. వద్దన్నాను. రెండోసారి అనలేదు.

మార్చి 21
6.74.

ఫెయిర్ కాపీ చాలదట. బావి గట్టు మీద తడిచేతులతో రాసిన రఫ్ పుస్తకాలు స్కాన్ చేయాలట. ఇంకో ఫారం కూడా ఉంది. రీడింగులన్నీ ఒకే మనిషి, ఒకే టేపుతో తీశాడని సంతకం పెట్టాలి. పుస్తకాలు అటక మీద ఉన్నాయి, నాకు మోకాళ్ల నొప్పులు అన్నాను. నిచ్చెన నేను పట్టుకుంటానన్నాడు సర్వే సారు. మొహమాటం అనేది వీళ్ల సిలబస్‌లో లేనట్టుంది.

మధ్యాహ్నం

ఇది ఎక్కడా రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడాదే మార్చి చివర్లో జ్వరంతో పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను. టేపు పంపు హౌస్ బీరువాలో, బీరువా తాళం నా చొక్కా జేబులో ఉండిపోయాయి. ఆ పన్నెండు రోజులూ మా ఆవిడే కొలిచింది. తాడుకు తాళంకప్ప కట్టి దించి, అది నీళ్లను తాకగానే గట్టు దగ్గర తాడుకు ముడివేసి, పైకి లాగి, తన కుట్టు టేపుతో కొలిచింది. వచ్చి చూస్తే 6.41, 6.41, 6.42. అన్నీ నా అంకెల కన్నా ఏడూ ఎనిమిదీ తక్కువ. నీకు కొలవడం రాలేదన్నాను. పదిహేనేళ్లుగా ఊళ్లోవాళ్ల ఒళ్లు కొలుస్తున్నాను, ఒక్క చొక్కా వెనక్కి రాలేదు, బావి దగ్గరే నాకు చెయ్యి తిరగలేదా, అంది.

నేను వాదించలేదు. ఫెయిర్ కాపీలో ఒక్కో అంకెకు ఎనిమిది కలిపి రాసేశాను. అది చూసిందో లేదో తెలియదు. మళ్లీ బావి వైపు రాలేదు.

మార్చి 24
6.75.

అటక ఎక్కాను. ఆ ఏడాది రఫ్ పుస్తకం దొరికింది. మార్చి పన్నెండు కింద నా రాతే, ఇలా ఉంది: సాయంత్రం, టేపు కొస పీలికలైతే కత్తిరించి బరువు మళ్లీ కట్టాను.

పుస్తకం మూశాను. మళ్లీ తెరిచాను. అదే ఉంది.

సాయంత్రం

టేపు కొసకు బరువును చుట్టి కట్టిన పురికొస విప్పాను. పదకొండేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. టేపు ఎనిమిది దగ్గర మొదలవుతోంది.

నీళ్లు ఎక్కడికీ పోలేదు.

మార్చి 25
6.75. ఇంకేం రాయాలో తెలియక అదే రాశాను.

మార్చి 27
6.75.

నీళ్ల మేడం ఫోను. నెలాఖరే గడువట. ఈ పేపరు వస్తేనే ఉద్యోగం పర్మనెంటు అవుతుందట. ఆ మాట నాతో ఎందుకు చెప్పాలి? మోకాళ్లు ఎలా ఉన్నాయని కూడా అడిగింది. ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

ఆ పేజీలు లేకపోతే ఎవరికీ తెలియదు. బావి పక్క పుస్తకం తడిసి పాడైందంటే ఎవరు కాదంటారు?

మార్చి 28
6.76.

చించడానికే కూర్చున్నాను. ఆ పేజీల్లో అంకెల కింద మా ఆవిడ రాసిన మాటలు అప్పట్లో చదవలేదు. అంకెలు మాత్రమే చూశాను.

6.41. రెండుసార్లు కొలిచాను. రెండూ ఒకటే.

6.41. వాన పడుతోంది. గొడుగు పట్టుకుని కొలిచాను.

6.42. మూడుసార్లు కొలిచాను. ఆయన ఎలాగూ నమ్మరు.

చించలేదు.

మార్చి 30
6.76.

పుస్తకాలు, టేపు తీసుకుని యూనివర్సిటీకి వెళ్లాను. ముగ్గురూ ఉన్నారు. మూడు నిమిషాలు మాట్లాడి ఉంటాను. నా జన్మలో అదే పెద్ద ఉపన్యాసం. కత్తిరించిన సంగతి, మా ఆవిడ కొలిచిన సంగతి, నేను ఎనిమిది కలిపిన సంగతి, మూడూ చెప్పాను.

నీళ్ల మేడం టేపు కొస పక్కన స్కేలు పెట్టి చూసింది. పన్నెండు రీడింగులూ వేలు పెట్టి చదివింది. ఇది నెల ముందు చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేదండీ అంది. టేపు సంగతి అప్పుడు నాకూ తెలియదన్నాను. అది సగమే నిజం. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. వెనక్కి తిరక్కుండానే, నా పేపరు పోయింది, మీ పుస్తకాలు మాత్రం నిలబడ్డాయి, అంది. మా ఆవిడ కొలిచిన పన్నెండు రోజుల వల్లే తప్పు ఎక్కడుందో, ఎంతో రుజువైందట. అవి లేకపోతే పదకొండేళ్ల అంకెలూ చెత్తబుట్టలో వేయాల్సి వచ్చేదట.

సర్వే సారు మాత్రం హుషారుగా ఉన్నాడు. నీళ్లు తగ్గకుండానే పదకొండేళ్లు పక్కవాళ్ల మీద కోపం పెట్టుకున్నారా, ఇది ఇంకా మంచి పేపరండీ, అన్నాడు. ఈయన్ని బావిలో దించి మట్టం చూడాలనిపించింది.

బడి మేడం కొత్త పుస్తకం తీసి, మీ ఆవిడకు కొలతలు ఎవరు నేర్పారు, అంది. ఆవిడనే అడగమన్నాను.

తిరిగొస్తూ వాచ్‌మన్‌కు నమస్కారం పెట్టాను. హడలిపోయాడు.

ఏప్రిల్ 2
6.77.

మూడు రోజులు పట్టింది ఆవిడకు చెప్పడానికి. గుడ్డ కత్తిరిస్తోంది. తప్పు నా టేపుదేనన్నాను. కత్తెర ఆపలేదు. నాకు తెలుసు, అంది. చొక్కా పొట్టిగా వస్తే గుడ్డని అనాలి గానీ మనిషిని సాగదీస్తారా ఎక్కడైనా, అంది. మరి అప్పుడే చెప్పొచ్చుగా అన్నాను.

చెప్పానుగా, పన్నెండు సార్లు రాసి మరీ చెప్పాను, అంది.

గుడ్డ మడిచి పక్కన పెట్టింది. పొద్దున ఎన్నింటికి వెళ్తారు, అని అడిగింది. తెలియక కాదు.

ఏప్రిల్ 5, ఉదయం 6 గంటలు
మట్టం 6.70.
టేపు: కుట్టుది.
కొలిచింది: ఆవిడ. రాసింది: నేను.
రెండుసార్లు. రెండూ ఒకటే.
ఏమీ కలపలేదు.