బసవపున్నయ్య షుగర్ తొంభై రెండు

మే 5
పొద్దున్నే మా తోడల్లుడు బసవపున్నయ్య ఫ్యామిలీ గ్రూపులో హెల్త్ చెకప్ రిపోర్టు పెట్టాడు. పరగడుపున షుగర్ తొంభై రెండు! కింద చుట్టాలందరి దండాలు, చప్పట్లు. అక్కడికి కలెక్టరు ఉద్యోగం వచ్చినట్టు.

సాయంత్రానికల్లా మా అమ్మాయి భానుశ్రీ మా ఇద్దరికీ జంట ప్యాకేజీ బుక్ చేసేసింది. ల్యాబు బెంజ్ సర్కిల్ దగ్గరే. "నాన్నా, మీకు యాభై దాటాయి. అమ్మేమో రాత్రిళ్ళు ఊరికే లేస్తోంది. ఒంట్లో బాగున్నప్పుడే చూపించుకోవాలి" అంది.

కరెక్టు! ఇకనుంచి ఏటా చెకప్. ఎల్లుండే ముహూర్తం!

మే 7
5:30. లేచాను. స్నానం అయింది. మా ఆవిడ శ్రీదుర్గ అప్పుడే చీర కట్టుకుని రెడీ.
5:50. ఒక్క గుక్క కాఫీ. కాఫీని తిండి అని ఎవరంటారు?
6:10. ల్యాబువాళ్ళు అంటారట. వాయిదా.

"పోనీ నేనొక్కదాన్నీ వెళ్ళి రానాండీ?" అంది శ్రీదుర్గ. జంట ప్యాకేజీకి ఒక్కతే వెళ్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? వద్దన్నాను.

మే 10
ఆహా, ఏం ఐడియా! రిపోర్టు ఎలాగూ గ్రూపులో పెట్టాలి. పున్నయ్య కన్నా ఒక్క పాయింటైనా తక్కువ రావాలి. కాబట్టి ముందు ఒళ్ళు బాగుచేసుకోవాలి, ఆ తర్వాతే టెస్టుకి వెళ్ళాలి. ఇంత చిన్న సంగతి డాక్టర్లకి ఎందుకు తట్టలేదో!
ప్లాను: పొద్దున కాకరకాయ రసం. కాలవ గట్టు మీద నడక. రాత్రికి పుల్కాలు.

మే 13
కాకరకాయ రసం తాగాను. దీన్ని కనిపెట్టినవాడి మీద కేసు పెట్టాలి.
నడక పూర్తి. టిఫిన్ బండి దాకా. నేతి పెసరట్టు, ఉప్మా. నడిచాను కాబట్టి చెల్లుకు చెల్లు.

మే 19
నూజివీడు నుంచి బావమరిది సాయిగణేష్ రసాల బుట్ట పంపాడు. ఇంట్లో మామిడిపళ్ళు పెట్టుకుని షుగర్ టెస్టుకి వెళ్ళేవాడికి బుద్ధుండాలి. సీజన్ అయ్యాక చూద్దాం.

శ్రీదుర్గకి టీవీలో అక్షరాలు మసగ్గా ఉన్నాయట. ఒకటే దాహమట. "ఎండలు కదే!" అన్నాను. బెజవాడ ఎండల్లో దాహం వేయకపోతే కదా జబ్బు!

మే 28
భానుశ్రీ పోరు పడలేక మళ్ళీ బుకింగ్. శ్రీదుర్గ రాత్రి నుంచి మంచినీళ్ళ మీదే ఉంది.
6:00. ఫ్రిజ్ తెరిచాను. ఒకే ఒక్క రసం. బాగా మాగింది. ఉంచితే పాడైపోతుంది.
6:05. వాయిదా.
శ్రీదుర్గ లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

జూన్ 9
మా టైర్ల షాపులో ఉండగా భానుశ్రీ ఫోన్. శ్రీదుర్గ వంటింట్లో కళ్ళు తిరిగి కూలబడిపోయిందట. అమ్మాయి నన్ను అడగనైనా అడగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

షుగర్ మూడొందల పన్నెండు. కంటి లోపలి పొర దెబ్బతినడం మొదలైందట. ఇంజెక్షన్లు పడాలట. "ఒక్క నెల ముందు వచ్చినా బాగుండేదండీ" అన్నాడు డాక్టరు.

"నాకు చెప్పొద్దటే?" అన్నాను.
"చెప్పాగా. ఎండలన్నారు."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దాని కళ్ళు పోతుంటే నేను పున్నయ్యతో పందెం వేసుకున్నాను.

జూన్ 10
రేపు ఏడింటికి నా టెస్టు. ఎంత వస్తే అంత గ్రూపులో పెట్టేస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

శ్రీదుర్గ ఒకటే మాట చెప్పింది. "రేపు మీరు నోట్లో ఏం పెట్టుకున్నా నేను మాత్ర వేసుకోను." అన్నంత పనీ చేస్తుంది. వంటింటికి తాళం వేయించి, తాళంచెవి కొంగున కట్టుకోమన్నాను.

బావమరిది మళ్ళీ పంపిన రెండో బుట్ట రసాలు కదపకుండా పున్నయ్యకి పంపించేశాను. తొంభై రెండు కదా, తట్టుకుంటాడు.