గదికో భయం మాట

నాన్నగారికి నమస్కారాలు. దగ్గు తగ్గింది, నా గురించి కంగారు పడకండి.

పిల్లలకు కొత్త మాటలు నేర్పాలని ఈ వారం దయ్యాల పజిల్ పెట్టాను. బోర్డు మీద పాడుబడ్డ ఇల్లు గీసి, గదికో భయం మాటను అక్షరాలు తారుమారు చేసి దాచాను. చెవులు చిల్లులు పడేలా అరుస్తూ అన్నీ విప్పేశారు. చివరి బెంచీలో ఒక పిల్ల ఉంది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో చేరినప్పటినుంచి, ఏమైందని అడిగితే "ఏం లేదు టీచర్" అనేది. అంతా వెళ్ళాక బోర్డు దగ్గరికొచ్చి "గుబులు" మీద వేలు పెట్టింది.

"నాకు రోజూ పొద్దున్నే ఇదే వస్తుంది టీచర్. దీనికో పేరుందని తెలీదు."

ఇద్దరం ఆ చివరి బెంచీ మీదే కాసేపు కూర్చున్నాం.

పెరటి తలుపు గడియ బాగుచేయించారా? అమ్మ కళ్ళజోడు మార్పించండి, మళ్ళీ నాచేత చెప్పించుకోకండి.

మిల్లులో ప్రమాదం జరిగినప్పటినుంచి తమ్ముడు కూడా ఏమడిగినా "ఏం లేదు" అంటున్నాడని రాశారు. ఇక వాణ్ణి అడగకండి. కార్డులో చోటు చాలక పజిల్ మాటలు అడ్రసు పక్కన ఇరికించాను: దడ, బెదురు, జడుపు, గుబులు, ఉలికిపాటు. భోజనాలయ్యాక మెల్లగా చదివి వినిపించండి. అమ్మకు నమస్కారాలు, వాడికి ఆశీస్సులు. ఏ మాటకు వాడు తలెత్తితే అక్కడ ఆపి, పక్కన కూర్చోండి.

మీ పెద్దమ్మాయి