సీటు కింద ముడుపు

టోవా పాయో, సింగపూర్
12-10-2000

అక్కా, నేనూ ఉజ్వలా బాగున్నాం, బండి గురించి ఇక దిగులు పడకు.

నెలగా బైకు లాగడం లేదని రాశాను కదా. ఉజ్వల వెనక కూర్చుంటే ఫ్లైఓవర్ ఎక్కడానికే ఆయాసపడేది. ప్లగ్గు మార్చినా లాభం లేకపోయింది. నిన్న చైనా మెకానిక్ అంకుల్ సీటు విప్పి, "ఇంజన్ ఓకే లా, గాలే రావట్లేదు" అని ఇక్కడి యాసలో అన్నాడు. గాలి పీల్చే గొట్టానికి అడ్డంగా నువ్వు పంపిన పసుపు గుడ్డ ముడుపు ఉంది. ఎవరి కంటా పడకూడదన్నావని నేనే అక్కడ కుక్కాను. ఆయన దాన్ని రెండు చేతులా తీసి, తన దేవుడి ముందు కాసేపుంచి, హ్యాండిల్‌కి కట్టిచ్చాడు. ఇప్పుడు బండి ఎగిరిపోతోంది.

అనిల్‌కుమార్ ఊరి నుంచి ఇక్కడికి వస్తున్నాడుగా, అతనితో కందిపొడి పంపు. పాప బడికి ఏడవకుండా వెళ్తోందా? బావకి నమస్కారాలు.

నేను స్పీడుగా పోకూడదనే కదా అప్పన్నకి మొక్కావు, నెలంతా ఆ ముడుపు బండిని నలభై దాటనివ్వలేదు.

నీ తమ్ముడు
కౌశిక్