వంటింటి స్టూలు

రుదైనా,

పప్పు సూపు పొయ్యి మీదుంది, నిమ్మకాయ పిండుకుని తాగు. వంటింటి స్టూలు కోసం వెతక్కు, నేను మందుల షాపుకి పట్టుకెళ్తున్నాను.

నీ ఫార్మసీ పరీక్షకి చదువుతూ నా ఒంటిమీద అక్కడక్కడా నొక్కి, ఇది ఫైబ్రోమయాల్జియా, ఒళ్లంతా నొప్పులు పెట్టే జబ్బు అన్నావుగా. నిన్న అమ్మాన్‌లో డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. రోజూ కాస్త నడిచి, వేళకి నిద్రపోయి, గంటలకొద్దీ నిలబడకపోతే నొప్పి నెమ్మదిస్తుందట.

తొమ్మిదేళ్లుగా కౌంటర్లో అందరికీ "ముందు డాక్టరుకి చూపించుకోండి" అని చెప్పి, నేను మాత్రం అరలోంచి మాత్రలు తీసి మింగాను. కూర్చుని మందులిస్తే మర్యాద కాదంటాడు మా ఓనరు అబూ లైస్. ఇవాళ ఆయన కళ్లముందే కూర్చుంటాను, ఏమంటాడో అననీ.

— అక్క అర్వా

అన్నట్టు, ఆరోజు నన్ను నొక్కాక నీ భుజం కూడా నొక్కుకుని పళ్లు బిగించావు. నేను చూడలేదనుకోకు. సాయంత్రం డాక్టరుకి చూపించుకోవడం నీ వంతు.