ఎర్రబోరులో తల ఎత్తినప్పుడు

నానమ్మా, సలాం.

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మన మద్దేడ్‌లో మొన్నటి దాకా వానలే. నీ సమాధి మీద మట్టి కొంచెం కుంగితే వెళ్ళి సర్ది వచ్చాను. అమ్మ బాగానే ఉంది. నీ కోళ్ళు మాత్రం నా మాట వినడం లేదు... నీ మాటైనా విన్నాయా ఎప్పుడైనా?

బీజాపూర్ బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే నా కొట్టు అలాగే నడుస్తోంది. పొద్దుటి నుంచి ఒకరితో గోండీ, ఇంకొకరితో హిందీ. తెలుగు మాట్లాడాలనిపిస్తే ఇంటికి రావాలి. ఇంటికొస్తే నువ్వు లేవు.

ఒక సంగతి చెప్పాలని కూర్చున్నాను. నువ్వు బతికుంటే సిగ్గుపడి చెప్పేవాణ్ణి కాదేమో.

నాకు మీసాలు మొలుస్తున్న రోజుల్లో, సంతలో నీ ఉల్లిగడ్డల గంప పక్కన కూర్చుని అటు పోయే అమ్మాయిల వైపు చూస్తుంటే మోకాలి మీద ఒక్కటి చరిచావు. "మొదటి చూపు జారిపడ్డదనుకో బిడ్డా. రెండోది మాత్రం నువ్వు పోయి తెచ్చుకున్నదే" అన్నావు. అంతే. మళ్ళీ తక్కెడ పట్టుకున్నావు.

సంతలో అది కాస్త సులువే. మనిషి నడిచి వెళ్ళిపోతుంది, మన చూపు మనకు తిరిగొస్తుంది. ఫోన్లో అలా కాదు నానమ్మా. ఒక్క వీడియో దగ్గర కాస్త ఆగితే చాలు, అలాంటివే ఇంకో పది తెచ్చి ముందు పరుస్తుంది... ధర అడిగిన పాపానికి వెంటపడే బట్టలవాడిలా. ఏది మొదటి చూపో, ఏది రెండోదో నాకే తెలియకుండా పోయింది. నమాజుకు నిలబడితే కళ్ళ ముందు అవే. నుదురు నేల మీద ఉండేది, మనసు ఇంకెక్కడో. నా మీద నాకే అసహ్యం వేసేది.

నువ్వు పోయాక ఆ యాప్‌లు తీసేశాను. ఒకసారి ఆగలేక మళ్ళీ వేసుకున్నాను, మళ్ళీ తీసేశాను. కొట్టుకు ఆడవాళ్ళు వస్తే తల వంచుకునే ఫోన్ అందుకునేవాణ్ణి. ఎంతయిందో కూడా గల్లాపెట్టెకే చెప్పేవాణ్ణి. ఒక ముసలావిడ నాకేదో కోపమొచ్చిందనుకుని, రేపు వస్తాలే నాయనా అని వెళ్ళిపోయింది. నవ్వుతున్నావు కదూ?

అలాంటప్పుడు ఎర్రబోరు అనే ఊరి నుంచి పెళ్ళి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు నస్రీన్. బడిలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. సంబంధం తెచ్చిన చిన్నమ్మ ఆమె ఫోటో నా ఫోన్‌కు పంపింది. నేను తెరవలేదు. ఎలాగూ ఎదురుగా చూస్తాను కదా అనుకున్నాను.

అమ్మా నేనూ బస్సులు మారి మారి వాళ్ళింటికి వెళ్ళాం. నస్రీన్ షర్బత్ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. దారిలో బస్సు కిక్కిరిసి ఉందా అని అమ్మను అడిగింది. పెళ్ళికి ముందు ఒకరినొకరు చూసుకోమని మన మతమే చెబుతుంది. పెద్దలందరూ కూర్చున్నదీ అందుకే. కానీ నాకు తల లేవలేదు నానమ్మా! వంచి వంచి మెడ అలాగే ఉండిపోయిందేమో. కింద పరిచిన చాప తప్ప నేనింకేమీ చూడలేదు. పెద్దలు మాత్రం మురిసిపోయారు, ఈ కాలంలో ఇంత మర్యాదస్తుడా అని.

ఆ తర్వాత కబురొచ్చింది. నస్రీన్ వద్దందట. ఎందుకో తెలుసా? ఎదురుగా కూర్చున్న పిల్లను చూడలేదంటే, ఫోన్లో ముందే కావలసినంత చూసుకుని వచ్చాడని అర్థమట. అలాంటివాడు తనకొద్దట.

ఏడుపొచ్చింది. దేని నుంచి పారిపోతున్నానో ఆ నిందే వచ్చి నెత్తిన పడింది. కోపమూ వచ్చింది. కానీ ఆమె తప్పేముంది? నా లోపల ఏముందో ఆమెకెలా తెలుస్తుంది? పైగా ఆ గొంతు... బస్సు గురించి అడిగిన ఆ గొంతు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఈ సంబంధం తప్పిపోకూడదు అనిపించింది.

తాత గురించి నువ్వు చెప్పేదానివి చూడు: "మీ తాత పెండ్లికి ముంగట నన్ను చూడలె. పెండ్లయినంక గూడ పది దినాలు గోడనే చూసిండు. సిగ్గు మంచిదేరా, గని ఎదురుంగ మనిషి ఉంటే గోడను చూసుడేంది?" మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ పది రోజులు నీకెలా గడిచాయో ఎవరమైనా అడిగామా...

అమ్మను బతిమాలాను. అమ్మ వాళ్ళను బతిమాలింది. ఇంకొక్కసారి రమ్మన్నారు.

ఈసారి నస్రీన్ షర్బత్ తేలేదు. వచ్చి కూర్చుని, నా ఫోటో మీ ఫోన్లో ఉందా అని అందరి ముందే అడిగింది. ఉందన్నాను. అమ్మ ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాను. చిన్నమ్మ పంపింది పంపినట్టే ఉంది, మసగ్గా, తెరవాలంటే నొక్కమనే బాణం గుర్తుతో. ఎందుకు తెరవలేదని అడిగింది. నిజమే చెప్పాను... నన్ను నేను నమ్మలేక.

ఆమె ఆ ఫోటోను తన చేత్తోనే ఫోన్లోంచి తీసేసింది. ఫోన్ నా వైపు జరిపి, ఇప్పుడు నన్ను చూడండి అంది.

చూశాను.

కనుబొమ్మ పక్కన చిన్న గాటు. కాటుక ఒక పక్క చెదిరింది. ఆమె కళ్ళు దించలేదు, నేనూ దించలేదు. ఎన్నాళ్ళకో భయం లేకుండా ఒక మనిషిని చూశాను నానమ్మా.

చూపును ఇలా కాచుకోవడం ఎవరు నేర్పారని అడిగింది. మా నానమ్మ అన్నాను. అయితే ఆమెను చూపించండి అంది. ఏం చూపించను? ఒక్క ఫోటో అయినా దిగనిచ్చావా నువ్వు? కెమెరా కనిపిస్తే కొంగు అడ్డం పెట్టుకునేదానివి. అందుకని చెప్పడం మొదలుపెట్టాను. కుడి కంట్లో పొర. గడ్డం మీద పుట్టుమచ్చ, దాని మీద ఒకే ఒక్క తెల్ల వెంట్రుక. గోళ్ళకు అంటుకున్న ఉల్లిపొర. నవ్వు వచ్చే ముందు వణికే కింది పెదవి... చెబుతూనే ఉన్నాను. అమ్మ ఏడుస్తోంది. నిన్ను ఇంతగా చూశానని నాకే తెలియదు.

నస్రీన్ సరే అంది.

నిఖా రంజాన్ తర్వాత. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, నేనూ ఇంకా కుర్రవాణ్ణే. జారే రోజులు వస్తాయి. లేచి నిలబడతాను, అది మాత్రం మాట ఇస్తున్నాను.

అల్లా నిన్ను చల్లగా చూడాలి.

నీ సలీం